నాలుగో నంబరు సరంగు నోరు విప్పిన రోజు

ఆ నది మీద తిరిగే ఆరు లాంచీలను నడిపే సరంగుల గొంతులూ పిన్నికి తెలుసు, ఒక్క నాలుగో నంబరుది తప్ప.

రేవు ఆఫీసు మేడమీద, నీళ్ళ వైపు కిటికీ ఉన్న వైర్‌లెస్ గదిలో ఆమె పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. లాంచీ బయలుదేరే ముందు సరంగు సెట్టులో పిలవాలి, ఆమె విని పుస్తకంలో రాసుకోవాలి. రెండో నంబరు సరంగును అందరూ ఉరుము అంటారు. అతని లాంచీ సరిగ్గా ఆ మేడ కిందే కట్టేసి ఉంటుంది. అతను మైకు నొక్కితే గదిలో టీ గ్లాసులు గలగలమంటాయి. నాలుగో నంబరు మాత్రం ఎగువన ఇరవై మైళ్ళ అవతల, నది మలుపు అవతలే తిరుగుతుంది, ఈ రేవుకు రాదు. అక్కడినుంచి వచ్చేది ఒకటే: బరబరమనే చప్పుడు, దాని చివర సన్నగా "...ఓవర్."

ఆ బరబర ఒక్కోసారి రెండు నిమిషాలు సాగేది.

"బటను మీద వేలు పెట్టి మర్చిపోతాడు," అనేది పిన్ని. "మాట మాత్రం ఒక్కటే. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయం కాబోలు."

అలా ఆయనకు మితభాషి అన్న పేరు స్థిరపడిపోయింది. కొత్తలో ఆమె "కులాసానా అండీ?" అని అడిగేది. బరబర, ఓవర్. ఒట్టి పొగరుమనిషి అనుకుని అడగడం మానేసింది. ఆయన లాంచీలో ఎంతమంది ఎక్కారన్నది, ఇంకో లాంచీలో పంపిన చీటీ వచ్చాక చూసి రాసుకునేది.

ఆ ఏడు ఆఫీసు పెద్దాయన చీటీలు చెల్లవన్నారు. లాంచీ కదలకముందే మనుషుల సంఖ్య పుస్తకంలోకి ఎక్కాలట. పిన్ని తల పట్టుకుని, అక్క కూతురికి ఫోన్ చేసింది.

అక్క కూతురికి మార్కెట్ వెనక సందులో రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉంది. సరంగులందరూ ఆమెను రిపేరమ్మ అని పిలుస్తారు. చేతిలో సోల్డరింగు కడ్డీ ఉంటే ఆకలి కూడా గుర్తురాని మనిషి. సెట్టు మూత విప్పి చూసి, "సెట్టు బానే ఉంది పిన్నీ. అంత దూరం నుంచి వచ్చేసరికి ఆయన సిగ్నల్ సన్నబడిపోతోంది. లోపలికి రాకముందే దాన్ని పెంచాలి," అంది.

రెండు రోజుల్లో అగ్గిపెట్టెంత రేకు డబ్బా తెచ్చి, మేడమీది ఏరియల్ తీగకూ సెట్టుకూ మధ్య కలిపింది. అందులో ఒకే ఒక్క ట్రాన్సిస్టర్. మర్నాడు పొద్దున బరబరలోంచి మొదటిసారి మనిషి గొంతు తేలింది: "నమస్కారమండీ, ఇవాళ ఏం జరిగిందంటే..." పిన్ని కలం పట్టుకుని ముందుకు వంగింది. సరిగ్గా అప్పుడే కింద ఉరుము మైకు నొక్కాడు. స్పీకరులోంచి పాత దుప్పటి పరపరా చింపినట్టు చప్పుడు. పిన్ని కలం ఎగిరి కిటికీ బయట పడింది.

"నీ డబ్బాకో దండం! నా చెవులు నాకు కావాలి, తీసెయ్యవే తల్లీ!"

"తీసెయ్యను. పెంచడం దానికి వచ్చు, ఎంత పెంచాలో ఇంకా తెలీదు. అది నేర్పాలి."

"ట్రాన్సిస్టర్‌కి నేర్పుతావా?"

"చూడు పిన్నీ. అందులో ఎప్పుడూ కొంచెం కరెంటు పారుతూ ఉంటుంది. ఏరియల్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ ఆ పారే కరెంటును ఊపుతుంది. మనకు పెద్దదై వినిపించేది ఆ ఊపే. పారేది తగ్గిస్తే ఊపూ తగ్గుతుంది. అంటే వాల్యూముకున్నట్టు తిప్పే బిరడా ఒకటి పెట్టి ఆ కరెంటును ఎక్కువ తక్కువ చేస్తే, పెంచడం కూడా మన చేతిలో ఉన్నట్టే."

బిరడా పెట్టింది. నాలుగో నంబరు పిలిచినప్పుడు కుడికి, ఉరుము పిలిచినప్పుడు ఎడమకు. పిన్ని ఒక చేత్తో బిరడా, ఒక చేత్తో కలం, భుజానికీ చెవికీ మధ్య ఫోను పెట్టుకుని నానా తంటాలూ పడింది. ఇంత చేసినా ఉరుము గొంతు చిన్నగా వచ్చేదేగానీ, ఆ దుప్పటి చింపిన చప్పుడు అలాగే ఉండేది.

రిపేరమ్మ మూడు రోజులు కొట్లో తల బద్దలు కొట్టుకుంది. తప్పు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. కరెంటు తగ్గిస్తే ట్రాన్సిస్టర్ అర్ధాకలితో ఉంటుంది. అంత నీరసంగా ఉన్నదాని మీద ఉరుము లాంటివాడి సిగ్నల్ వచ్చి పడితే అది మోయలేదు, ముక్కలు చేసి పారేస్తుంది. మరి దాన్ని ఆకలితో మాడ్చకుండా జోరు తగ్గించడం ఎలా?

నాలుగో రోజు మధ్యాహ్నం, మామూలు ట్రాన్సిస్టర్లు అయిపోయాయని, పాత టీవీ ట్యూనర్‌లోంచి పీకిన ఒకదాన్ని అతికించింది. బిరడాను పొరపాటున కరెంటు పెరిగే వైపు తిప్పింది. సిగ్నల్ పెరిగింది, ఒక చోట ఆగింది, ఇంకా తిప్పితే తగ్గడం మొదలైంది. మీటరు వంక చూసింది. కరెంటు పెరుగుతోంది. చప్పుడు తగ్గుతోంది! ఈ రకం ట్రాన్సిస్టర్‌కు కడుపు నిండేదాకా పెడితే జోరు పెరుగుతుంది, అంతకు మించి పెడితే మందగిస్తుంది. కానీ నీరసపడదు. ఎంత పెద్ద సిగ్నల్ వచ్చినా నిబ్బరంగా నిలబడి, చిరక్కుండా అవతలికి పంపుతుంది. పాత టీవీలవాళ్ళకు తెలిసిన కిటుకే. ఆమెకు మాత్రం ఆ క్షణంలో తనే కనిపెట్టినంత సంబరం. కొట్టు ముందు నుంచి వెళ్తున్న ఇస్త్రీ ఆయన్ని ఆపి మరీ, "తిండి ఎక్కువైతే మందగిస్తుందండీ!" అని చెప్పింది. ఆయన తన పొట్ట వంక చూసుకుని, గబగబా వెళ్ళిపోయాడు.

ఇక బిరడా పని ఒకటి మిగిలింది. సెట్టు లోపల, వచ్చే సిగ్నల్ బలాన్నిబట్టి చిన్న వోల్టేజీ ఒకటి పుడుతుంది. దాన్ని తీగతో వెనక్కి తెచ్చి డబ్బాకు కలిపింది. గట్టి సిగ్నల్ వస్తే ఆ వోల్టేజీ పెరిగి ట్రాన్సిస్టర్‌కు మరింత కరెంటు పెడుతుంది, అది మందగిస్తుంది. సన్నటిది వస్తే మళ్ళీ చురుకవుతుంది. చెయ్యి పెట్టనక్కర్లేదు.

మర్నాడు ఏడున్నర. గదిలో పిన్ని, రిపేరమ్మ, చేతులు కట్టుకుని పెద్దాయన.

"నమస్కారమండీ, నాలుగో నంబరు." పక్క గదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా ఉందా గొంతు. "ముప్పై ఏడు మంది. నిన్న ఒక పెద్దమనిషి ఎక్కాడండీ. సరంగుగారూ, ఇక్కడ నది లోతెంత అన్నాడు. అడుగు దాకా ఉంటుందండీ అన్నాను. అడుగేనా, దానికి టిక్కెట్టెందుకు అని చెప్పులు చేత్తో పట్టుకుని దిగబోయాడండీ! ఓవర్."

 పిన్ని పగలబడి నవ్వింది. టేబులు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. పెద్దాయన గోడవైపు తిరిగి భుజాలు కుదిపారు. ఆ నవ్వుతోనే పిన్ని మైకు నొక్కేసింది.

అవతల మైకు టక్కుమంది.

"అమ్మగారూ," అన్నాడు నాలుగో నంబరు. "మీరు... నవ్వుతున్నారా?"

"నవ్వక చస్తామా! ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ ఇలాంటివి?"

"రోజూ చెప్తూనే ఉన్నానండీ. పంతొమ్మిదేళ్ళుగా."

 ఆ రెండేసి నిమిషాల బరబరలన్నీ ఒక్కసారి పిన్ని చెవుల్లో మోగాయి.

"అయ్యో, మాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు! మీరు పొగరుమనిషి అనుకున్నాం."

"నేనూ అదే అనుకున్నానండీ, ఆ ఆఫీసులో అంతా ముభావం మనుషులని. అయినా ఏదో ఒక రోజు నవ్వకపోతారా అని చెప్తూ పోయాను."

ఇంతలో, కిటికీలోంచి అదంతా వింటున్న ఉరుము కింద మైకు నొక్కాడు. అలవాటుకొద్దీ ముగ్గురూ చెవులు మూసుకున్నారు. స్పీకరు మాత్రం అదే స్థాయిలో, మర్యాదగా పలికింది: "అన్నా, అదిరింది! ఇంకోటి వదులు!" పిన్ని మెల్లగా చేతులు దించి, రిపేరమ్మను గట్టిగా కావలించుకుంది.

చిన్న చిక్కు మాత్రం మిగిలింది. ఉరుము మాట్లాడి ఆపాక డబ్బా తేరుకోవడానికి రెండు సెకన్లు పట్టేది. ఆ రెండు సెకన్లలో మితభాషి జోకు మొదలైపోయి, తల లేకుండా వినిపించేది. "ఎవరి మేనమామ? ఏ గేదె?" అని పిన్ని గింజుకునేది. వోల్టేజీని నిలిపి ఉంచే కండెన్సర్ పెద్దదైపోయిందని గ్రహించి, రిపేరమ్మ చిన్నది వేసింది. మరీ చిన్నది వేస్తే గొంతు వణికింది. మూడోది సరిపోయింది.

ఆ వారం తన సెలవు రోజున పిన్ని సెట్టును పెద్దాయనకు అప్పజెప్పి, రిపేరమ్మతో కలిసి ఎగువకు వెళ్ళింది. అక్కడి రేవులో బక్కపల్చటి మనిషి ఒకాయన టోపీ తీసి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు, చెవులదాకా ఎర్రబడ్డాడు. పక్కనున్న ఆయన భార్య నవ్వేసింది.

"ఎదురుగా మనిషుంటే అంతే వదినా. ఇంట్లో ఉప్పు కావాలన్నా సైగే. మైకు చేతికొస్తేనే మాటలు. అందుకే రోజూ లాంచీ ఎక్కి, ఆ సరంగు గది పక్కన కూర్చుని వింటాను."

"పంతొమ్మిదేళ్ళూనా?"

"పెళ్ళయి ఇరవై రెండు. మొదటి మూడేళ్ళూ ఈయనకి మాటలే రావేమో అనుకున్నా."

లాంచీ కదిలే వేళయింది. ఆయన గబగబా సరంగు గదిలోకి దూరి తలుపు వేసుకున్నాడు. ఆడవాళ్ళు ముగ్గురూ గోడకు ఆనించిన బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. లోపల మైకు టక్కుమంది.

"నమస్కారమండీ, నాలుగో నంబరు. ఇరవై తొమ్మిది మంది. అందులో ముగ్గురు తలుపు పక్కన కూర్చుని వింటున్నారు, వాళ్ళ గురించే ఇప్పుడు చెప్పబోయేది..."

పిన్ని అప్పటికే నవ్వుతోంది.