పింజలు ఎవరి మీద వాలితే

నెల మొదటి ఆదివారం భోజనాలయ్యాక చిలకలూరిపేట కేబుల్ ఆపరేటర్లు జిన్నింగు మిల్లు వెనక మేడ మీది గదిలో కూర్చుంటారు. కిటికీలోంచి వచ్చిన దూదిపింజలు ఎండపొడలో కలలాగా తేలుతుంటాయి. ఎవరైనా లేచి విషయం చెబితే, అది ఎవరెవరికి సంబంధించిందో వాళ్ల భుజాల మీద ఆ పింజలు వాలతాయి. పే చానళ్ల రేట్ల మాటెత్తితే గదంతా తెల్లబడుతుంది. తమ్ముడి పెళ్లికి రమ్మంటే పిలిచినవాడి మీద ఒక్క పింజ. అధ్యక్షుడు అలీ సాహెబ్ కళ్లజోడు సర్దుకుని భుజాలు చూసి, సభకు తగిన విషయమో కాదో చెప్పేస్తాడు. సభలోకొచ్చిన విషయం తేలేదాకా ఎవరి వైరు జోలికీ ఎవరూ పోకూడదు. అదీ కట్టుబాటు.

ఖుర్షిదా లేచింది. అన్న మంచాన పడ్డప్పట్నించీ పీర్లచావిడి వీధి లైను ఆ అమ్మాయే నడుపుతోంది.

"సాహెబ్ గారూ, నా వైర్లు కోసేస్తున్నారు. ఇవాళ సాయంత్రానికి ఆ వీధిలో యలమందయ్య గారి వైరు లాగేస్తారంట. ఇక నా లైను ఉండదు."

పింజలు రెండే కదిలాయి. ఒకటి ఆమె భుజం మీద, రెండోది యలమందయ్య తెల్లచొక్కా మీద.

"చూశారుగా!" అన్నాడు యలమందయ్య, పింజను దులుపుకుంటూ. "మా ఇద్దరి గొడవ. సభకెందుకండీ?"

అలీ సాహెబ్ తల దించుకున్నాడు. "అంతేనమ్మాయ్. ఇంకెవరైనా నాదీ ఇదే అంటే తప్ప..."

మన వైర్లు అనకుండా నా వైర్లు అని ఎందుకన్నానా అనుకుంది ఖుర్షిదా. ఒకసారి చెప్పిన విషయం అదే మనిషి మళ్లీ చెప్పడానికి లేదు. ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. అందరూ ఆగి ఉన్న ఫ్యాను వంక చూశారు. సగంమందికి సిగ్నల్ వచ్చేది యలమందయ్య కంట్రోల్ రూం నుంచే మరి.

"ఇక టీ తెప్పించండి," అన్నాడు యలమందయ్య.

వెనక బెంచీ మీంచి ఇమ్మానియేలు లేచాడు.

"పోయిన నెల మా వీధిలోనూ వైర్లు తెగాయండి. ఎలుకలు అనుకున్నాను."

"స్తంభం మీద ఎలుకలేంటయ్యా!" ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"భయమేసి అట్లా అనుకున్నాన్లే," అన్నాడు ఇమ్మానియేలు. "మీరేమనుకున్నారో మీరు చెప్పండి."

నవ్వు ఆగింది. ఇమ్మానియేలు భుజం మీద ఒక పింజ వాలింది. పక్కవాడి మీద ఇంకోటి. ఆ తర్వాత గాలి లేకుండానే గదిలో ఉన్న పింజలన్నీ దిగడం మొదలెట్టాయి, తలల మీద, భుజాల మీద, చేతుల మీద.

అలీ సాహెబ్ తన భుజం తడుముకుని, "సభకు తగిన విషయమే. వచ్చే నెల తేలుద్దాం," అన్నాడు.

యలమందయ్య ఎంత దులిపినా చొక్కా మీది పింజ రాలలేదు. చివరికి సెల్‌ఫోన్ తీశాడు.

"ఒరేయ్ కోటేషూ, ఎక్కడున్నావ్? స్తంభం మీదా? దిగు. దిగమన్నానా!"

"దిగేముందు కోసినవి అతకమనండి," అంది ఖుర్షిదా.

యలమందయ్య ఆమె వంక చూశాడు. గదంతా తనవంకే చూస్తోంది.

"కోసినవి అతికి దిగరా," అన్నాడు ఫోనులో.