మా ఆయన చెప్పిన ప్రార్థన అంశం

మా నతానియేల్‌కి ఎనిమిదేళ్లు. ఒక్కచోట కుదురుగా కూర్చోడు. లెక్క సగంలో ఉండగానే లేచి కిటికీలోంచి కార్లు చూస్తాడు. ఏం చెప్పినా చెవికెక్కదు, డాక్టరుకి చూపించండి అంది వాళ్ల టీచరు. నేను నర్సుని, చూపిద్దామనే అన్నాను. మా ఆయన సీమోను మాత్రం ఫోనులో ఏదో వీడియో చూసి, కారణం తనే కనిపెట్టేశాడు.

"వీడు కడుపులో ఉన్నప్పుడు నువ్వు తిన్నదేంటే? పొద్దస్తమానం ఆ నూడుల్సేగా!"

తిన్నాను. అన్నం వాసనకే వాంతయ్యేది. డ్యూటీలో నిలబడాలి కదా, కడుపులో ఏది నిలిస్తే అదే తిన్నాను. ఆ ప్యాకెట్లు కింద బకాలా కొట్లోంచి మోసుకొచ్చింది ఈ మహానుభావుడే. ఆ మాటే అని గట్టిగా పోట్లాడాను గానీ, లోపల పురుగు తొలుస్తూనే ఉంది. నూడుల్స్ వల్లే ఇలా అయ్యాడని ఏ డాక్టరూ అనలేదు. అయినా వాడు పెన్సిలు పారేసుకుని వచ్చినప్పుడల్లా, నేనే చేశానా అనిపించేది.

శుక్రవారం, గల్ఫ్‌లో మేముండే అర్దియాలో, మా ఫ్లాట్‌లోనే ప్రార్థన కూటం. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన అంశాలు అడిగారు. ఒకావిడ ఇక్కడుండే పర్మిట్, ఇఖామా రెన్యువల్ గురించి చెప్పింది, ఇంకొకాయన మోకాళ్ల నొప్పులన్నాడు. తర్వాత మా ఆయన లేచాడు.

"మా బాబు కోసం ప్రార్థన చెయ్యండయ్యగారూ. కడుపుతో ఉన్నప్పుడు మా ఆవిడ తిండి విషయంలో అజాగ్రత్త చేసిందండీ. దేవుడు దాన్ని క్షమించి, పిల్లోణ్ణి బాగుచెయ్యాలి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన నోరు మూయించాలని లేచాను. అప్పటికే అందరూ కళ్లు మూసుకున్నారు. అయ్యగారు వాడి తల మీద చెయ్యి పెట్టి, "ఈ తల్లి తప్పు ఈ బిడ్డకు అంటకుండును గాక" అంటున్నారు. అందరూ ఆమెన్ అంటున్నారు. మా వాడు కదలకుండా నిలబడి మొత్తం విన్నాడు.

అందరూ వెళ్లాక కోడికూర కలిపి ముద్ద వాడి నోటి దగ్గర పెట్టాను. మూతి తిప్పుకున్నాడు.

"ఏరా నాన్నా, నీకిష్టం కదా?"

"నువ్వు పెట్టొద్దు మమ్మీ. ఇంకా పాడైపోతాను."

వాడి మొహంలో కోపం లేదు, భయం ఉంది. అదే నన్ను చంపేసింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది. కూటం హడావిడిలో పొద్దున్నుంచీ వాడేం తినలేదు. చెయ్యి కడుక్కుని, పళ్లెం తీసుకెళ్లి సీమోను ముందు పెట్టాను.

"మీరే పెట్టండి" అన్నాను.