గాజుల గీతలు

నేను ఒక చెక్క పెట్టెను. కడుపులో పాత టీవీ, ముందు ఒక కర్ర, మూడు మీటలు. ఇప్పుడు హైదరాబాదులో పాత వీడియో గేముల మ్యూజియంలో ఉన్నాను. నడివయసు మగవాళ్లు వచ్చి "మా చిన్నప్పుడు..." అంటూ కళ్లు తుడుచుకుంటారు. రెండు నిమిషాలు ఆడి ఫోను తీస్తారు. వాళ్ల దుఃఖం అంతవరకే.

నన్ను చీరాలలో ఒక వడ్రంగి చేశాడు. పానకాలు అనే ఆయన బస్టాండు ఎదురుగా వీడియో గేముల షాపు పెట్టి, నాకు ముదురు నీలం రంగు వేయించాడు. ఆ రంగంటే ఆయనకు ప్రాణం. పిల్లలు చేతులు కడుక్కుని ఆడాలనేవాడు. ఎవరూ కడుక్కోలేదు.

నాతో నిజంగా ఆడింది ఆయన భార్య శేషారత్నం. పిల్లలు బడిలో ఉండే మధ్యాహ్నాలు ఆయనకు క్యారేజీ తెచ్చేది. ఆయన అన్నం తినేలోపు, ఆకాశంలోంచి దిగే శత్రువుల ఓడలన్నిటినీ కూల్చేసేది. ఎడమచేత్తో కర్ర లాగినప్పుడల్లా ఆమె గాజులు నా అంచుకు కొట్టుకునేవి. పదేళ్లకు అక్కడ రంగు పోయింది. చెక్క మీద నెలవంకల్లాంటి గీతలు పడ్డాయి.

"గాజులు తీసి ఆడవే. రంగంతా నాశనం చేస్తన్నావు."

"నువ్వు నిక్షేపంలా ఉండగా గాజులు తీయమంటావేందయ్యా? అన్నం తిను ముందు."

ఆయన గొణుక్కుంటూ తినేవాడు. ఆమె ఆట బాగుందని ఒక్కసారీ అనలేదు.

ఫోన్లొచ్చాక పిల్లలు రావడం మానేశారు. ఆమె మానలేదు. ఒక వానాకాలం జ్వరమొచ్చి ఆరు రోజుల్లో పోయింది. గాజులు ఆమెతోనే వెళ్లాయి. ఆయన షాపు మూసేశాడు.

తర్వాత మ్యూజియం వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. "ఉన్నదున్నట్టు ఇవ్వండి చాలు" అన్నారు. పానకాలుకు అది నామోషీ. పదిమందిలోకి పంపే వస్తువును ముస్తాబు చేయకుండా పంపడం ఆయనకు తెలియదు. రంగులు వేసే సుభానీని పిలిచాడు.

"ఈ గాజుల గీతలన్నా ఉంచేదా, బాబాయ్?"

"అవే ముందు తీసెయ్. నలుగురిలో నవ్వులపాలు కావాలా?"

నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని. సుభానీ ఉప్పుకాగితంతో చెక్క నున్నగా అయ్యేదాకా రుద్ది, లప్పం పెట్టి, రెండు పూతలు వేశాడు.

ఏడాది గడిచింది. నిన్న పానకాలు వచ్చాడు. చిక్కిపోయాడు. నా తెర వైపు చూడలేదు. నేరుగా వచ్చి ఎడమ అంచు మీద వేళ్లు పెట్టి తడిమాడు. ముందుకొకసారి, వెనక్కొకసారి. ఏమీ తగల్లేదు. రంగు కింద ఉంటాయనుకున్నాడు కాబోలు, గోటితో గీకడం మొదలుపెట్టాడు.

కాపలా అమ్మాయి పరుగున వచ్చింది.

"తాతగారూ, గీకకండి! పాత వస్తువులండీ ఇవి. పాడైతే మళ్లీ రావు."

"తెలుసమ్మా."

"ఆడతారా మరి?"

ఆమె మీట నొక్కింది. ఆయన ఎడమచేత్తో కర్ర పట్టుకున్నాడు. ఓడలు దిగుతున్నాయి. ఆయన ఒక్కదాన్నీ కొట్టలేదు. కర్రను అటూ ఇటూ లాగుతూ చెవి నా అంచుకు దగ్గరగా పెట్టాడు. కర్ర కిర్రుమంది. ఇంకే చప్పుడూ లేదు.

ఆట అయిపోయింది. ఆయన వెళ్లిపోయాడు.

నాకు జాలి కలగలేదు. ఆయన గోరు విరిగింది. రంగు మాత్రం పెచ్చు కూడా లేవలేదు. మంచి రంగే వేయించాడు.