బొటనవేలి కింద స్క్రూ

ముప్పై దాటదేం ఈ ముదనష్టపు బండి, మొన్నటిదాకా బాగానే ఉందిగా, అనుకుంటూ గ్లెనిస్ బొటనవేలితో యాక్సిలరేటర్ మీటను ఇంకా గట్టిగా నొక్కింది, నది పక్కన చదును దారి, బడి ఈతకొలను చందాల కోసం ఏటా జరిపే ఈ నాలుగు చక్రాల క్వాడ్ బళ్ళ యాత్రలో కాస్త గాలి తగిలే చోటు ఇదొక్కటే, ఇక్కడా ఈ నత్తనడకేనా, పక్కనుంచి ట్రెవర్ బురద చిమ్ముకుంటూ దాటిపోతూ, ఏం గ్లెనిస్, గొర్రెల్ని తోలుకొస్తున్నావా అని అరిచాడు, వెధవ, వాలులో బండి ఎలా దించాలో వీడికి నేర్పింది తనే, ముప్పై ఏళ్ళుగా ఈ కొండల్లో దారి గుర్తులు పాతిందీ తనే, ప్రతి ఏడూ బయల్దేరేముందు అందరినీ నిలబెట్టి, మీ బండి ఎంత స్పీడు పోతుందో నాకు చెప్పకండి, జారే మట్టిలో ఎంత మెల్లగా పోగలరో చూపించండి, అని దులిపేసేదీ తనే, మరి ఇప్పుడు స్పీడు కోసం ఈ ఏడుపేమిటని నవ్వు కూడా వచ్చింది, అంతలో వేలికి తగిలింది, మీట వెనక చిన్న స్క్రూ, మీట సగం కూడా కదలకుండా లోపలికంటా బిగించి ఉంది, పిల్లలకు బండి ఇచ్చేటప్పుడు బిగిస్తారే, అలాగ.

పిల్లలకు బిగించేది తనకు బిగించారు, అరికాలి మంట నెత్తికెక్కింది, ఎవరు చేశారో అడగక్కర్లేదు, నిన్న షెడ్డులో కెర్రిన్, కడుపున పుట్టిన కూతురు, బండి కడుగుతున్నానమ్మా అంది, స్పానర్‌తో ఎవరైనా బండి కడుగుతారా, డెబ్బై రెండేళ్ళొచ్చాయని, పోయిన నెల కంచె దగ్గర బండి ఒరిగిందని, ఒరిగితే ఒరిగింది, తనే లేపుకుని ఇంటికి రాలేదూ, రానీ దాన్ని, కనబడనీ, అదిగో గేటు దగ్గర కాచుకుని ఉంది, తల్లి మొహం చూడగానే అర్థమైపోయింది దానికి, కోప్పడకమ్మా, కొండదారిలో స్పీడుతో పనేముంది, నువ్వే అంటావుగా, అంది, అన్నాను, ఇప్పుడూ అంటాను, ఈ బండి డెబ్బై పోతుంది, నేను ఏనాడూ నలభై దాటలేదు, అయినా ఆ డెబ్బై నాదే, వాడుకోకుండా ఉన్నది నేను, మధ్యలో తీసేయడానికి నువ్వెవరివే, ఒక్క మాట అడగడానికి నోరు పడిపోయిందా, అని అరిచింది, కెర్రిన్ మొహం కూడా ఎర్రబడిపోయింది, అడిగితే ఒప్పుకునేదానివా, నాన్నని నువ్వు అడిగావా, ఆ రోజు నీకు స్పానర్ అందించింది నేనేగా.

ముర్రీ, తన మొగుడు. పక్షవాతం నుంచి తేరుకుని అతను మళ్ళీ బండెక్కిన ఏడాది, మంచికేగా అతని మీటకూ తను ఇలాగే స్క్రూ బిగించింది, చెబితే బాధపడతాడనేగా చెప్పనిది, ఇదే గేటు, ఇక్కడే బండి ఆపాడు, బొటనవేలు మీట వెనక్కి పోనిచ్చి కాసేపు అక్కడే ఉంచాడు, ఆ తర్వాత ఆమె వంక చూశాడు, ఇంజిన్ ముసలిదైపోయింది గ్లెన్, అన్నాడు, అవును పాపం, అంది తను, ఎంత తేలిగ్గా అంది, కనిపెట్టలేదులే అని లోపల సంతోషపడింది కూడా, ఆ చలికాలం దాటకుండానే పోయాడు, ఆ బండిలో ప్రతి నట్టూ తన చేత్తో విప్పి బిగించిన మనిషి, ఇంజిన్ ముసలిదో కాదో తెలియని మనిషా, తన బొటనవేలు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉంది, తనకు చూడకుండానే తెలిసిపోయింది, మరి అతనికి, కెర్రిన్ ఏదో అంటోంది, తీసేస్తాలేమ్మా, ఇప్పుడే తీసేస్తా, అంటోంది, గ్లెనిస్‌కు వినబడలేదు, అతను అరవలేదు, అడగలేదు, భార్య తలదించుకోవాల్సి వస్తుందని నేరం ఇంజిన్ మీదికి తోసేసి మెల్లగా కొండెక్కాడు, ముర్రీకి తెలుసు.