ఖాళీ తూకం

లారీ స్టాండులో అతన్ని అందరూ ‘హారన్’ అంటారు. నోరు విప్పితే వీధి చివరిదాకా వినపడుతుంది మరి! బండి సొంతం, స్టీరింగు సొంతం. కిరాయిలు మాత్రం అక్క మొగుడి చేతిలో. బావ లారీ బ్రోకరు. లోడు ఇప్పిస్తాడు, కమీషన్ కోసుకుంటాడు.

బావ ఆఫీసంటే ఒక బల్ల, రెండు ఫోన్లు, రెండు కుర్చీలు. ఒకదాంట్లో బావ. రెండోదాంట్లో ఎవర్నీ కూర్చోనివ్వడు. కుర్చీ అరిగిపోతుందని ఆయన దిగులని డ్రైవర్లు చాటుగా నవ్వుకుంటారు.

ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉంది. ఫోన్లో ఎవరైనా ‘బండి ఖాళీ’ అంటే చాలు, కస్సుమంటాడు.

"చోటుంది అనరా! ఖాళీ అనకు."

"ఏం బావా, ఖాళీ అంటే కిరాయి తెగ్గోస్తారా?"

"అదీ ఉంది," అనేసి మాట మింగేసేవాడు.

ఒకప్పుడు బావకూ లారీ ఉండేది. నిక్షేపంలాంటి బండి. ఎందుకు అమ్మేశాడో అక్కకు కూడా తెలియదు.

ఈసారి హారన్ బావకు చెప్పకుండా టైల్స్ ఫ్యాక్టరీ మేనేజర్ని పట్టాడు. మధ్యలో బ్రోకరు లేకుండా, ఏడాది పొడుగునా వాళ్ల సరుకే తోలే బేరం. కుదిరిందా, కిరాయి మొత్తం తనదే. కుదరకపోతే మళ్లీ బావ బల్ల ముందు నిలబడాలి.

ఆ పొద్దున మంచు ఇంకా విడలేదు. గోడౌన్లో పాత లోడు దించేసి బండి వెనక తలుపు మూస్తుంటే మేనేజరు ఫోన్ చేశాడు.

"బండి ఎలా ఉంది?"

"ఖాళీ సార్! పూర్తిగా ఖాళీ!"

ఎత్తయిన గోడల మధ్య ఆ మాట తిరిగొచ్చింది. అతని అరుపులా కాదు. మెల్లగా, అడుగుతున్నట్టు వచ్చింది. "ఖాళీయేనా?"

హారన్ గబగబా బండెక్కాడు. ఎడమ తలుపు టక్కుమంది. చూస్తే వేసే ఉంది. రోడ్డెక్కాక పక్క సీటు స్ప్రింగు కిర్రుమంది. ఎడమవైపు అద్దం మీద, లోపలి నుంచి, అరచేయంత ఆవిరి పట్టింది. పోయింది. మళ్లీ పట్టింది. ఊపిరిలా!

అతను ఇక అటు చూడలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా. ముందు ఖాళీ బండిని తూచి, తర్వాతే సరుకెక్కిస్తారు. అంకె చూసి మేనేజరు కళ్లు చిట్లించాడు. కాగితాల్లో ఉన్న బరువు కంటే ఎక్కువ.

"ఖాళీ తూకం పెంచి, ఆ మేరకు మా సరుకు నొక్కేద్దామనా? ఈ ఎత్తు మా తాతల నాటిదయ్యా!"

"అమ్మతోడు సార్, నాకేం తెలీదు!"

జాకీ, నీళ్ల డబ్బా, పరుపు, పనిముట్ల పెట్టె, అన్నీ కిందికి దించాడు. చివరికి తనూ దిగి దూరంగా నిలబడ్డాడు. అయినా కాటా మీద ఒక మనిషంత బరువు మిగిలే ఉంది.

"ఖాళీగా వచ్చినప్పుడు మాట్లాడదాంలే," అన్నాడు మేనేజరు. గేటు మూసేశారు.

మధ్యాహ్నానికి హారన్ బావ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

"రావయ్యా బావమరిదీ! డైరెక్టు పార్టీ దొరికిందటగా? ఇక మేమెందుకు కనపడతాం..." అంటూ తలెత్తిన బావ ఆగిపోయాడు. ఆయన చూపు హారన్ భుజం దాటి వెనక్కి పోయింది.

"ఏమన్నావురా ఫోన్లో?"

హారన్ నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసగా అన్నాడు, "నువ్వు వద్దన్న మాటే బావా."

"నేనూ ఒకసారి అన్నాన్రా," అన్నాడు బావ. "బండి అమ్మేస్తే పోతుందనుకున్నా."

ఆయన చెయ్యి పక్క కుర్చీ వీపు మీద ఆనింది, ఎవరినో కదలొద్దన్నట్టు. తర్వాత లేచి, వెనక గదిలోంచి మడత కుర్చీ తెచ్చి, దుమ్ము దులిపి, దాని పక్కనే వేశాడు.

హారన్ ఆ మడత కుర్చీలో కూర్చోబోయాడు. బావ రెక్క పట్టుకుని ఆపాడు.

"నీక్కాదురా."