కోట నీడలో తమలపాకు తోట

పొద్దున్నే శంషాబాద్‌లో ఆకు కట్టలు అమ్ముకొచ్చి, మధ్యాహ్నం రెండింటికల్లా లింగమ్మ తన తమలపాకు తోటలో ఉండేది. కోట నీడ పడేది ఆ వేళకే. మామిడిపల్లి పక్కన ఆ చెలకలో కోట లేదు, మొండిగోడైనా లేదు. నీడ మాత్రం బురుజులతో సహా వచ్చి తోట మీద పరుచుకునేది. దారిన పోయేవాళ్లు అందులోనే సద్దులు విప్పుకునేవాళ్లు.

రెండువేల పదకొండు ఎండాకాలంలో కోట జాడ వెతకమని పురావస్తు శాఖ సునీలను పంపింది. మైలార్‌దేవ్‌పల్లి పిల్ల, తాత్కాలిక ఉద్యోగం. కోట తేలితే తవ్వకాలు సాగుతాయి, ఆమె కొలువూ సాగుతుంది.

"కోట దొరికితే నా తోట ఏమైతది బిడ్డా?" అడిగింది లింగమ్మ.

"సర్కారు తీసుకుంటది పెద్దమ్మా."

లింగమ్మ ఆమెకు చెంబుతో నీళ్లిచ్చింది.

ఇరవై రోజులు తవ్వితే సునీలకు నాలుగు చెక్కిన రాళ్లు దొరికాయి. అవి పాత బావివీ కావచ్చు. పాత దస్తావేజులో 'కోట' అన్న మాట కనిపించింది కానీ ఆ తర్వాత చెదలు తినేశాయి. అది కోట వెనక చెలకో, కోటయ్య చెలకో!

పై అధికారి హరిప్రసాద్ వచ్చి, నీడలో కూర్చుని పెరుగన్నం తిన్నాడు. "నీడను రిపోర్టులో పెట్టలేం సునీలా. మిగతాది నీకు ఎట్లా తోస్తే అట్లా రాయి."

రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. మూడోరోజు 'ఆధారాలు సందేహాస్పదం' అని రాసి సంతకం పెట్టింది. నెలాఖరుకు కొలువు పోయింది.

ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజు నీడ తోట దగ్గర ఆగలేదు. గట్టు దాటి, పొరుగు రైతు సత్తెమ్మకున్న ఏమీ మొలవని గరుసు నేల మీదికి పాకింది.

"సత్తెమ్మ కిరాయికిస్తదిలే," అంది లింగమ్మ ఆకులు తెంపుతూనే. "నీడపట్టు మొక్కలు పెట్టుకో. ఎయిర్‌పోర్టు కాడి హోటలోళ్లు కుండీల మొక్కలు గావాలని తిరుగుతున్రు."

"నాకేమొస్తది పెద్దమ్మా ఆ పని?"

"గిన్ని దినాలు మన్ను దవ్వినవ్ గద! ఇంకేం రావాలె?"

సునీలకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపు నిండా తిన్నది.

వానలు వెనకబట్టేసరికి, సత్తెమ్మ నేల మీద సునీల కుండీల్లో పెట్టిన క్రోటన్లు, ఫెర్నులు దుబ్బులు కట్టాయి. హోటల్ నుంచి మొదటి బండి వచ్చింది. డ్రైవర్ దిగి, "ఓనర్ ఎవరక్కా?" అన్నాడు.

సునీల వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. చేతుల మట్టి దులుపుకుని, "నేనే," అంది.