ఎత్తిన బానెట్

మా ఊరి పాత డాన్సు హాలును మర్నాడు పొద్దున పడగొడతారనగా, దాని చివరి ఫోటో తీసే పని మా అమ్మాయి బ్రయొనీకి అప్పగించారు. పొద్దు వాలేటప్పుడు రేకు గోడలు ఎర్రగా మెరిసే ఆ కాసేపే అదను.

హాలు ముందు గడ్డిలో కారు ఆపగానే నాకు భయం పట్టుకుంది. ఇంజను వేడికి ఎండుగడ్డి అంటుకుంటే? చల్లారుతుందని బానెట్ ఎత్తి పెట్టాను.

మా దారుల్లో బానెట్ ఎత్తిన బండిని చూసి ఎవరూ ఆగకుండా పోరు. ముందు ముసలి క్లారీ ట్రక్కు ఆపాడు.

"ఏం మావిస్, చచ్చిందా బండి?"

"లేదయ్యా, నిక్షేపంగా ఉంది."

"మరి నోరెందుకు తెరిచింది?" అంటూ ఇంజనులో తల దూర్చాడు.

వెనకే తన బండిలోంచి డాట్ నీళ్ల డబ్బాతో దిగింది. ఇంకో రెండు బళ్లు వచ్చాయి. లేచిన దుమ్ములో హాలే కనబడలేదు.

"అమ్మా, ఆ బానెట్ దించవే! వెలుతురు పోతోంది!" అని బ్రయొనీ అరిచింది.

దించాను. క్లారీ తన ట్రక్కు వైపు నడిచాడు.

"వద్దు, బళ్లు కదిపితే మళ్లీ దుమ్ము! అందరూ హాలు వరండా ఎక్కండి," అంది బ్రయొనీ.

"అది కూలితే?" అన్నాను.

"రేపెలాగూ కూలేదేగా," అంటూ డాట్ నన్ను లాక్కెళ్లింది.

"డాట్, ఇక్కడే కదూ నాతో డాన్సు చెయ్యనన్నావు?" అన్నాడు క్లారీ.

"ఇప్పుడూ చెయ్యను. కాళ్లు తొక్కుతావ్."

అందరూ గొల్లుమన్నారు. దుమ్ము అణిగింది. బ్రయొనీ కెమెరా నొక్కింది.

ఫోటోలో హాలు ఎర్రగా మెరుస్తోంది. అందరూ నవ్వుతున్నారు, నేనొక్కదాన్నే పైకప్పు కేసి చూస్తున్నాను.